బిడ్డ గుండె ఆపరేషన్, మా ఇంటి మొక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నల్లగొండ జిల్లా, కనగల్ వైపు ఒక ఊరు. 2023 ఆగస్టులో, ఏడో నెలలో మా పాపకు హైదరాబాద్‌లో గుండె ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. బిడ్డ గుండెలో రంధ్రం ఉందని అప్పుడే తెలిసిన తల్లులు, తండ్రులు ఎవరి దగ్గరో నా నంబరు తీసుకుని చేస్తారు. ముందు ఖర్చు అడుగుతారు, మందులు అడుగుతారు. ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి అసలు సంగతి అడుగుతారు: "అక్కా, మీరు ఏ దేవునికి మొక్కుకున్నరు?"

నేను డాక్టరును కాను, పూజారినీ కాను. పదమూడు రోజులు ఆసుపత్రిలో, ఆ తర్వాత నెలల తరబడి ఇంట్లో మేం ఎలా ఉన్నామో అదే చెప్తాను. మందులూ డోసులూ మాత్రం మీ బిడ్డను చూసిన డాక్టరు చెప్పినట్టే వాడండి.

మీ పాపకు అసలు ఏమైంది?

గుండెలో కింది రెండు గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం. దాన్ని వీఎస్‌డీ అంటారు. పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. వెయ్యి మంది పిల్లలు పుడితే సుమారు ఎనిమిది, తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే మూసుకుపోతాయి. మా పాపది మూసుకుపోయే రంధ్రం కాదన్నారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం అందులోంచి ఊపిరితిత్తుల వైపు ఎక్కువగా పోతుంది. అలాగే వదిలేస్తే ఊపిరితిత్తుల రక్తనాళాలు గట్టిపడి, తర్వాత ఆపరేషన్ చేద్దామన్నా కుదరని స్థితి వస్తుంది.

ఇవన్నీ తర్వాత తెలిశాయి. మాకు ముందు కనపడింది చెమట. పాప తల నా మోచేతి మడతలో పెట్టుకుని పాలిస్తుంటే జాకెట్ చెయ్యి తడిసిపోయేది. రెండు నిమిషాలు తాగేది, వదిలేసి ఎగపోసేది, మళ్లీ పట్టేది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోయేది. ఎండలకు ఉక్కపోస్తోంది, చెమట పట్టదా అనుకున్నాం. పుట్టినప్పుడు 2.7 కిలోలు ఉన్న పిల్ల ఏడో నెలలో 4.8 కిలోలే ఉంది. మీ ఇంట్లో పాలు తాగుతూ చెమటలు పట్టే బిడ్డ ఉంటే ఇది చదవడం ఇక్కడే ఆపి డాక్టరుకు చూపించండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

ముందు దేవుడి దగ్గరకు పోయారా, డాక్టరు దగ్గరకు పోయారా?

ముందు దిష్టి తీశాం. మా అత్తమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. "గట్టి దిష్టే తగిలింది బిడ్డా" అంది. మూడు రోజులు అదే చేశాం. పట్నంలో ఒక డాక్టరు రెండుసార్లు చూసి జలుబు సిరప్ రాసి పంపాడు. అంటే ఆలస్యం మా నమ్మకం వల్ల ఒక్కదాని వల్లే కాలేదు, అయినా మా వంతు మాకు ఉంది.

చివరికి పట్టుకున్నది అంగన్‌వాడీకి పిల్లల పరీక్షలకు వచ్చిన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) డాక్టరమ్మ. 2013 నుంచి నడుస్తున్న కార్యక్రమం ఇది. పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. ఆమె పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు తీయలేదు. ఆ తర్వాత నాతో కాదు, ఆశా అక్కతో మాట్లాడింది. నాకు అప్పుడే అర్థమైంది. నల్లగొండలో పరీక్షలు, టూడీ ఎకో అనే గుండె స్కానింగ్, అక్కడి నుంచి హైదరాబాద్.

నల్లగొండ నుంచి పోయే బస్సు నార్కట్‌పల్లి చేరకముందే చెరువుగట్టు గుట్ట కనపడుతుంది. అత్తమ్మ అమావాస్య అమావాస్యకు ఆ గట్టు మీద నిద్ర చేసే మనిషి. ఆ రోజు కిటికీలోంచే రెండు చేతులెత్తి, "జడల రామలింగేశ్వరా, బిడ్డ సల్లగ ఇంటికొస్తే పుట్టువెంట్రుకలు నీకే ఇస్త" అని మొక్కింది. కొంగు అంచుకున్న నూటపదార్లు విప్పి, పసుపు గుడ్డ లేదు కాబట్టి పాప టోపీలోనే పెట్టి ముడి వేసింది. బస్సు ఆపమని అడగలేదు, దిగి దర్శనం చేసుకుని పోదామనీ అనలేదు. అపాయింట్‌మెంట్ పదకొండు గంటలకని ఆమెకు తెలుసు.

దిష్టి తీయడం తప్పని నేను ఎవరికీ చెప్పను, పది నిమిషాల పని అది. దిష్టి తీశాం కదా అని ఆగిపోవడమే మేం చేసిన తప్పు.

ఖర్చు ఎంతైంది? ఆడపిల్లకు ఇంత పెట్టడం ఎందుకని ఎవరూ అనలేదా?

ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన పథకం ఇది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. తెల్ల రేషన్ కార్డు, ఆధార్, రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను కలవండి. నిమ్స్ లాంటి ప్రభుత్వ సంస్థలోనూ పిల్లల గుండె ఆపరేషన్లు చేస్తారు. మాకు చేతి నుంచి పడింది తిండికి, గదికి, తిరుగుళ్లకు. మా ఆయన రెండు నెలలు పనికి పోలేదు, అది వేరు.

అన్నవాళ్లు ఉన్నారు. ఒక పెద్దమనిషి మా ఇంటి అరుగు మీద కూర్చుని "దేవుడు ఇస్తే మళ్ల పుడతరు గదరా" అన్నాడు మా ఆయనతో. అప్పుడు మా మామ లేచాడు. మా ఇంట్లో అతి తక్కువ మాట్లాడే మనిషి ఆయన. "ఇచ్చిండు గద. ఇచ్చినదాన్ని కాపాడుకోవాలె గద" అని లోపలికి పోయాడు. పెద్దమనిషి టీ కూడా తాగకుండా లేచి పోయాడు.

ఆపరేషన్ రోజు ఏం చేశారు?

ముందు రోజు రాత్రే నర్సమ్మ వచ్చి పాప ఒంటి మీద ఏమీ ఉండొద్దంది. మొలతాడు, కాళ్ల వెండి కడియాలు, చేతికి నల్లపూసలు, మెడలో తాయెత్తు. ఒక్కోటీ తీసి నా చేతిలో పెట్టింది. మొలతాడు ముడి పడిపోయింది, విప్పడానికి రాలేదు, కత్తెరతో కత్తిరించింది. అప్పటిదాకా ఏడవని అత్తమ్మ అక్కడ ఏడ్చింది. బుగ్గ మీది కాటుక చుక్క కూడా తుడిచేశారు. ఏ రక్షా లేకుండా, ఆసుపత్రి గౌనులో, పాప ఇంకా చిన్నగా కనపడింది.

ఇప్పుడు ఇదే ముందుగా చెప్తాను అందరికీ: అవన్నీ మీరే ఇంటి దగ్గర తీసి, పద్ధతిగా దేవుడి ముందు పెట్టి రండి. అక్కడ కత్తెర పెట్టించుకోవద్దు. ఆ రాత్రి అది పెద్ద అపశకునంలా అనిపిస్తుంది.

పొద్దున ఏడున్నరకు తీసుకుపోయారు. గుండెను ఆపి, రక్తాన్ని బయటి యంత్రంతో తిప్పుతూ, రంధ్రం మీద ప్యాచ్ వేసి కుడతారని డాక్టరు ముందే బొమ్మ గీసి చెప్పారు. చిన్నపిల్లలకు ఆ యంత్రంలోనే కొంత రక్తం నింపాల్సి వస్తుంది. మా ఊరి నుంచి నలుగురు కుర్రాళ్లు బైకుల మీద వచ్చి రక్తం ఇచ్చిపోయారు. థియేటర్ బయట కుర్చీల్లో మాతో పాటు ఇంకో రెండు కుటుంబాలు ఉన్నాయి. దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక ముస్లిం అమ్మ తస్బీ (జపమాల) తిప్పుకుంటూ కూర్చుంది. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన ఒక చిన్నపిల్లలాంటి తల్లి కురుమూర్తి సామికి కట్టిన ముడుపును పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ఆ పిడికిలి మధ్యాహ్నం దాకా విప్పలేదు. మా తోడికోడలు చర్చికి పోతుంది, ఫోన్లోనే ప్రార్థన చేసింది, నేను స్పీకర్ పెట్టాను. అందరం ఆమెన్ అన్నాం. అత్తమ్మ కూడా అంది.

వేరే మతం వాళ్ల ప్రార్థన ఒప్పుకోవచ్చా?

మేం ఒప్పుకున్నాం. మా జిల్లాలో ఇది కొత్త సంగతి కూడా కాదు. పాత నల్లగొండ జిల్లాలోని జాన్‌పహాడ్ దర్గాకు పోయేవాళ్లలో హిందువులు ఎంతమందో చూస్తే తెలుస్తుంది. ఆ దేవరకొండ అమ్మ మా పాప పేరు అడిగి తెలుసుకుని మరీ దువా చేసింది. ఇప్పటికీ రంజాన్‌కు ఫోన్ చేస్తుంది.

ఒప్పుకోనిది ఒక్కటే. ఒకాయన వచ్చి, తను చెప్పినట్టు చేస్తే ఆపరేషన్ అవసరం లేకుండానే రంధ్రం మూసుకుపోతుందన్నాడు. ఏ మతం వాళ్లు ఆ మాట అన్నా దండం పెట్టి పంపించేయండి.

ఐసీయూలో దేవుడి పటం పెట్టనిస్తారా? విభూతి, తీర్థం ఇవ్వొచ్చా?

ముందు ఐసీయూ ఎలా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే మాకు ఎవరూ చెప్పలేదు. పాప నోట్లో వెంటిలేటర్ గొట్టం, ముక్కులోంచి పొట్టకు ఇంకో గొట్టం, ఛాతీ కింద నుంచి నీరు పోవడానికి డ్రెయిన్లు, మెడలో సూదులు. ఒళ్లంతా ఉబ్బి, కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. ఆ ఉబ్బు యంత్రం వల్ల, రెండు మూడు రోజుల్లో దిగుతుందని చెప్పారు, దిగింది. కానీ మొదట చూసినప్పుడు ఇది మా పాప కాదేమో అనుకున్నాను. కుడికాలి బొటనవేలి మీద పుట్టుమచ్చ చూసి నమ్మాను. ముట్టుకోవడానికి ఖాళీ దొరికింది కూడా ఆ కాలే. చేతులు కడుక్కుని, ఆ పాదం పట్టుకుని ఉండేదాన్ని.

పటం సంగతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, అడగండి. మాకు ఒక చిన్న ఫొటోను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తుడిచి, మంచం కాళ్ల వైపు అతికించుకోనిచ్చారు. పువ్వులు, కుంకుమ, అక్షింతలు లోపలికి రానివ్వరు. రానివ్వకపోవడమే మంచిది. అక్కడ ఉన్న పిల్లలందరికీ ఇన్ఫెక్షనే పెద్ద ప్రమాదం.

విభూతి గురించి మా ఇంట్లో గొడవే అయింది. ఇంటికొచ్చిన రోజే అత్తమ్మ గట్టు మీది ఇబూతి తెచ్చి కుట్టు పొడవునా రాస్తానంది. కుట్టు మీద విభూతి, పసుపు, కొబ్బరినూనె, పసరు ఏదీ పెట్టొద్దు, డాక్టరు చెప్పే దాకా పొడిగా ఉంచాలి. నుదుటి మీద చిటికెడు పెడతామంటే మా డాక్టరు ఏమీ అనలేదు. తాయెత్తు మెడలో కడితే దారం కుట్టు పై చివర రాసుకుంటుంది, నిద్రలో మెడకు బిగుసుకునే భయం కూడా ఉంది. మేం తొట్టెల కర్రకు కట్టాం. తీర్థం నీళ్లు పాప నోట్లో పోయలేదు, మేం తాగాం. పంచామృతం మాత్రం అసలే వద్దు. దాంట్లో తేనె ఉంటుంది, ఏడాది నిండని ఏ బిడ్డకూ తేనె నాకించకూడదు. ఇది ఆపరేషన్ అయిన పిల్లలకే కాదు, అందరికీ.

సాంబ్రాణి పొగ కూడా మానేశాం. ఊపిరితిత్తులు అప్పుడప్పుడే తేరుకుంటున్న పిల్లకు పొగ పట్టించడం ఎంత పవిత్రమైన పొగైనా మంచిది కాదు.

తల్లి ఉపవాసం ఉండొచ్చా?

ఉండొద్దు. నేను శ్రావణ సోమవారం ఉన్నాను, సాయంత్రానికి పాలు పిండితే సీసా అడుగు కూడా తడవలేదు. పాప ముక్కు గొట్టంలోంచి తాగేది ఆ పాలే. మా ఆయన క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెచ్చి ముందు పెట్టి, "నీ ఉపాసం నేనుంట, నువ్వు తిను" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఉపవాసాలన్నీ ఆయనవే.

నమ్మకం పోయిన రోజు ఏదైనా ఉందా?

ఉంది. మూడో రాత్రి.

ఈ ఆపరేషన్‌లో ప్యాచ్ వేసే చోటుకు దగ్గర్లోనే గుండెకు కరెంటు పోయే దారి ఉంటుంది. అక్కడ వాపు వస్తే కొందరిలో గుండె నెమ్మదిస్తుంది. అందుకే ఛాతీలోంచి సన్నటి తీగలు బయటకు పెట్టి ఉంచుతారు. ఆ రాత్రి పాప గుండె వేగం పడిపోయింది, తీగలను పేస్‌మేకర్ డబ్బాకు కలిపారు. డబ్బా మీద చిన్న ఎర్ర లైటు వెలుగుతూ ఆరుతూ ఉంది. పాప గుండెను ఆ డబ్బా కొట్టిస్తోందని డ్యూటీ డాక్టరు చెప్పాడు. కొన్ని రోజుల్లో సొంతంగా అందుకోవచ్చు, అందుకోకపోతే శాశ్వతంగా పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చు అన్నాడు.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. పర్సులో ఉన్న ముడుపు తీసి విసిరేద్దామనుకున్నాను. పాలు తాగడమే సరిగ్గా తెలియని పిల్లను ఇంత చేస్తే నువ్వేం దేవుడివి అని పైకే అన్నాను. ఎదురుగా ఊడ్చే అమ్మ ఉంది, విని, చీపురు పక్కన పెట్టి వచ్చి నా పక్క మెట్టు మీద కూర్చుంది. ఏమీ అనలేదు. కాసేపయ్యాక లేచి పోయి ఊడ్చుకుంది.

తర్వాత రెండు రోజులు నేను మొక్కలేదు. మొక్కడానికి మాటలు రాలేదు. మానిటర్ మీది అంకెలు చూస్తూ ఉండటమే. అత్తమ్మ ఇది గమనించి, "నువ్వు మొక్కకు. నీ తరఫున నేను మొక్కుత. నువ్వు పిల్లను చూస్కో" అంది. చాలామంది తల్లులు నన్ను ఈ ప్రశ్న భయపడుతూ అడుగుతారు. దేవుడి మీద కోపం వచ్చిందని, ఆ కోపానికి బిడ్డకు ఏమన్నా అవుతుందేమోనని. మీకు మొక్కబుద్ధి కాని రోజున ఇంట్లో ఇంకొకరు మొక్కుతారు. ఇంటి నమ్మకాన్ని ఒక్క మనిషే రోజంతా మోయనక్కర్లేదు. ఐదో రోజు పొద్దున పాప గుండె సొంతంగా అందుకుంది. నేను అప్పటికి మొక్కడం మొదలుపెట్టనే లేదు. దాన్నిబట్టే నా కోపానికీ పాప గుండెకూ లంకె లేదని తెలుసుకున్నాను.

పక్క బెడ్ బిడ్డ దక్కలేదని విన్నాం. వాళ్ల మొక్కులో లోపం ఉందా?

లేదు. ఇది అడిగిన ప్రతి ఒక్కరికీ ఇదే చెప్తాను, చెప్తూనే ఉంటాను.

ముడుపు పిడికిట్లో పట్టుకున్న ఆ తల్లి గురించి పైన చెప్పాను. వాళ్ల బాబుకు మూడు నెలలు, గుండె లోపం మా పాపకంటే ఎంతో చిక్కైనది. ఆమె నాకంటే ఎక్కువ మొక్కింది. నాలాగా మెట్ల మీద కూర్చుని దేవుడిని తిట్టలేదు. పాలు పిండడానికి ఇద్దరం ఒకే గదికి పోయేవాళ్లం, ఆమె సీసా ఎప్పుడూ నాకంటే ముందే నిండేది. తొమ్మిదో రోజు బాబు పోయాడు.

వాళ్లు సామాన్లు సర్దుకునేటప్పుడు నేను దగ్గరకు పోలేకపోయాను. నా బిడ్డ బతికి ఉండటమే తప్పు చేసినట్టు అనిపించింది. ఆమే వచ్చింది. ముడుపు నా చేతిలో పెట్టి, "నేను గుట్టెక్కలేనక్కా. మీరెప్పుడన్న అటు దిక్కు పోతే హుండీల వెయ్యుండ్రి" అంది. పసుపు గుడ్డ రంగు ఆమె చెమటకు సగం పోయింది. నా అరచేతికి కూడా అంటింది.

2024లో దీపావళి తర్వాత కురుమూర్తి జాతర మొదలైంది. జనం తగ్గాక మా ఆయన, నేను ఇద్దరమే పోయాం, పాపను తీసుకుపోలేదు. హుండీ దగ్గర మా ఆయన అడిగాడు, "ఏమని మొక్కుతవ్?" అని. మొక్కు తీరని ముడుపు వేసేటప్పుడు ఏమనాలో మాకు ఎవరూ నేర్పలేదు. బాబు పేరు చెప్పి వేశాం. కిందికి దిగాక ఆమెకు ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "జాతరల జనం బాగున్నరా?" అని అడిగింది.

మా మొక్కు గట్టిది కాబట్టి మా పాప బతికిందని ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఆమె గుర్తొస్తుంది. మా పాప బతికింది రంధ్రం మూయగలిగినది కాబట్టి, సమయానికి పట్టుకున్నారు కాబట్టి, చేతులు తిరిగిన వాళ్లు చేశారు కాబట్టి. వీటన్నిటి వెనకా దేవుడు ఉన్నాడని నేను నమ్ముతాను. ఆమె వెనక లేడని మాత్రం నమ్మను.

తల్లి చేసిన తప్పు, గ్రహణం, మేనరికం... ఎవరి వల్ల వచ్చిందంటారు?

నేను కడుపుతో ఉన్నప్పుడు, 2022 అక్టోబరు 25న సూర్యగ్రహణం పట్టింది. ఆ సాయంత్రం బట్టలు తీయడానికి డాబా ఎక్కానని, అందుకే ఇలా అయిందని ఊళ్లో మాట పుట్టింది. అప్పటికి నాకు ఆరు నెలలు దాటాయి. బిడ్డ గుండె గదులు కడుపులో మొదటి రెండు నెలల్లోనే ఏర్పడతాయి. గ్రహణం పట్టేనాటికి ఆ గోడ కట్టడం ఎప్పుడో అయిపోయింది. ఈ ఒక్క మాట నాకు డాక్టరమ్మ చెప్పినప్పుడు నెలల బరువు దిగింది.

మాది మేనరికం, మా ఆయన నాకు మేనబావ. దగ్గరి సంబంధాల్లో పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు కొంత ఎక్కువన్నది నిజమే. కానీ మేనరికం కాని ఇళ్లలోనూ ఇదే వస్తుంది, ఫలానా బిడ్డకు దీనివల్లే వచ్చిందని చాలాసార్లు చెప్పలేరు. రెండో బిడ్డను అనుకునేవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడండి, కడుపులో ఉండగానే ఐదో నెల ప్రాంతంలో బిడ్డ గుండెకు స్కానింగ్ చేస్తారు.

ఇంటికి వచ్చాక ఎలా చూసుకున్నారు?

ఎత్తుకోవడం మళ్లీ నేర్చుకున్నాం. రొమ్ము ఎముకను మధ్యలో కోసి, తీగలతో కలుపుతారు. అది అతకడానికి ఆరు వారాల వరకు పడుతుంది. ఆలోపు చంకల కింద చేతులు పెట్టి లేపకూడదు, చేతులు పట్టి గుంజకూడదు. ఒక చెయ్యి మెడ కింద, ఒకటి పిర్రల కింద పెట్టి, చేటలో బియ్యం ఎత్తినట్టు మొత్తంగా ఎత్తాలి.

కష్టమైంది స్నానం. మా దగ్గర పసిపిల్లలకు కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె మర్దన చేసి, చేతులు అటూ ఇటూ లాగి, వేడివేడి నీళ్లు పోస్తారు. అత్తమ్మకు దాంట్లో ఊళ్లో పేరుంది. ఆమె చేతులకు పని లేకుండా పోయింది. తడిగుడ్డతో ఒళ్లు తుడిచే పని ఆమెకే అప్పగించాను, ఛాతీ వదిలేసి. పాదాలకు మాత్రం ఎంతసేపైనా నూనె రాసుకోమన్నాను. రోజూ అరగంట రాసేది.

ఒంట్లో నీరు చేరకుండా ఇచ్చే మందు రోజుకు రెండుసార్లు. రెండో డోసు సాయంత్రం దీపం పెట్టే వేళకు పెట్టుకున్నాం. దీపం పెట్టడం అత్తమ్మ ఎప్పుడూ మరిచిపోదు కాబట్టి మందూ మరిచిపోలేదు. దేవుడి గూట్లోనే సిరంజి, సీసా, టిక్కులు పెట్టే క్యాలెండర్.

జ్వరం 100.4 దాటినా, కుట్టు ఎర్రబడి రసి కారినా, పాలు తగ్గించినా, ఎగపోసినా, ముఖమో కాళ్లో ఉబ్బినా, ఉచ్చ తగ్గినా ఆసుపత్రికి ఫోన్ చేయాలి. పెదాలు నీలంగా మారితే 108.

చుట్టాలను ఆరు వారాలు రావద్దన్నాం. కొందరికి కోపం వచ్చింది, ఇప్పుడు లేదు.

మొక్కు ఆలస్యమైతే దేవుడికి కోపం వస్తుందా?

అత్తమ్మ లెక్క ప్రకారం తొమ్మిదో నెలలోనే పుట్టువెంట్రుకలు తీయాలి. డాక్టరు ఆరు నెలలు ఆగమన్నారు. ప్యాచ్ మీద లోపలి పొర పెరిగే దాకా, అంటే సుమారు ఆరు నెలలు, రక్తంలోకి సూక్ష్మక్రిములు పోతే గుండె లోపలికి ఇన్ఫెక్షన్ పట్టే ముప్పు ఉంటుంది. గుట్ట మీద కత్తి గాటు ఒకటి పడినా నేను తట్టుకోలేను. చెవులు కుట్టించడం కూడా అందుకే వాయిదా వేశాం. మా అత్తమ్మ గట్టు పూజారిని అడిగింది. "మూడో ఏడు తీయుండ్రి, బేసి సంవత్సరమే గద" అన్నాడాయన. పెద్దవాళ్లకు చెప్పడానికి భయపడేవాళ్లు ఇలా గుడిలోనే అడగండి, చాలాసార్లు దారి అక్కడే దొరుకుతుంది.

2024 మార్చిలో, శివరాత్రి రద్దీ తగ్గాక ఒక మామూలు రోజున దర్శనానికి మాత్రం తీసుకుపోయాం. 2025లో వెంట్రుకలు తీయించాం. టోపీలో కట్టిన నూటపదార్లు అత్తమ్మ తన చేత్తోనే హుండీలో వేసింది. టోపీ ఇంటికి తెచ్చుకుంది. గుట్ట మీద మూడు గుండ్ల దగ్గర, ఆ పెద్ద బండల మధ్య ఇరుకు సందులోంచి మా ఆయన ముందు పోయి చేతులు చాపాడు, నేను ఇటు నుంచి పాపను చంకల కింద పట్టుకుని అందించాను. అందించాక గుర్తొచ్చింది, అలా ఎత్తడం ఎప్పటి నుంచో మామూలైపోయిందని.

ఇప్పుడు పాప ఎలా ఉంది? ఆమెకు ఈ సంగతి చెప్పారా?

అంగన్‌వాడీకి పోతోంది. ఏడాదికోసారి ఎకో ఉంటుంది. పరుగెడితే నేనే అలసిపోతాను. ఛాతీ మీద తెల్లటి గీత ఉంది, స్నానం చేసేటప్పుడు దాని మీద వేలు పెట్టి ఇదేంటని అడుగుతుంది. నీ గుండెకు బాగాలేకపోతే డాక్టరమ్మ కుట్టింది అని చెప్తాను.

ఒక్క మాట మాత్రం ఇంట్లో ఎవరినీ అననివ్వను. "నువ్వు దేవుని బాకీ, ఆయన ఇచ్చిన ప్రాణం, ఆయన చెప్పినట్టు వినాలె" అని పిల్లను బెదిరించడం. మొక్కినది మేం, తీర్చుకున్నది మేం. దానికి ఏ బాకీ లేదు.

ఈమధ్య పరీక్షకు హైదరాబాద్ పోతుంటే బస్సులో నా ఒళ్లో నిద్రపోయింది. గట్టు కనపడగానే దండం పెట్టిద్దామని అత్తమ్మ చెయ్యి చాచింది. "పండుకోనియ్యి అత్తమ్మా" అన్నాను. సరేనని చెయ్యి వెనక్కి తీసుకుని, కిటికీ వైపు తిరిగి తనే మొక్కుకుంది.